కమాంచీ ప్రాజెక్టు ఇంటికొచ్చినప్పుడు: ఏ శాఖ, ఏ ఏడాది?

టెక్సాస్‌లో బడికెళ్ళే పిల్లలున్న తెలుగు ఇంటికి కమాంచీలు అనే అమెరికా ఆదివాసీ తెగవాళ్ళు రెండుసార్లు వస్తారు: నాలుగో తరగతిలో ఒకసారి, ఏడో తరగతిలో మరోసారి. ఆ రెండేళ్ళూ సోషల్ స్టడీస్ అంటే టెక్సాస్ చరిత్రే. నాలుగులో 1874-75 నాటి రెడ్ రివర్ యుద్ధం, సైనిక కోటలు, రైలు మార్గాలు, బైసన్ మందలు మాయమైపోవడం ఉంటాయి. ఏడుకొచ్చేసరికి 1840 కౌన్సిల్ హౌస్ ఘర్షణ, కమాంచీ నాయకుడు క్వానా పార్కర్ పేర్లతో సహా ఉంటాయి. రుద్రమదేవి గురించి నిద్రలో లేపి అడిగినా చెప్పగల అమ్మానాన్నలు ఇక్కడికొచ్చేసరికి తడబడతారు. తెల్లారితే ప్రాజెక్టు బోర్డు ఇవ్వాలి. రాత్రి పదింటికి ప్రింటరు దగ్గర నిలబడి తలనిండా ఈకలున్న మనిషి బొమ్మ ఒకటి, టోటెమ్ స్తంభం (బొమ్మలు చెక్కిన చెక్క స్తంభం) ఒకటి తీసి, కింద ‘కమాంచీల రాజు క్వానా పార్కర్’ అని అంటించేస్తారు. చూడ్డానికి బోర్డు కళకళలాడుతుంది. అందులో ఒక్కటీ సరైనది కాదు.

టోటెమ్ స్తంభాలు పసిఫిక్ వాయవ్య తీరంలోని తెగలవి. కమాంచీలకు వాటితో సంబంధం లేదు. గద్ద ఈకల పెద్ద కిరీటం కమాంచీలలో బాగా ఆలస్యంగా వచ్చింది. అంతకుముందు యోధులు పెట్టుకున్నది కొమ్ములతో సహా తీసిన బైసన్ తలతోలు. ఇక రాజు సంగతి. అసలు చిక్కంతా అక్కడే ఉంది. పిల్లల పాఠాలే కాదు, పందొమ్మిదో శతాబ్దంలో ప్రభుత్వాలు చేసుకున్న ఒప్పందాలు చాలావరకు తప్పింది కూడా అక్కడే.

కమాంచీలందరికీ కలిపి ఒక రాజు ఎప్పుడూ లేడు. అందుకే పిల్లవాడు రాసే ప్రతి వాక్యాన్నీ రెండు ప్రశ్నలు అడగాలి: ఏ శాఖ? ఏ ఏడాది? ‘కమాంచీలు ఒప్పందం మీరారు’ అని రాస్తే, ఏ శాఖ సంతకం పెట్టింది, ఏ శాఖ మీరింది అని అడగండి. చాలాసార్లు ఆ రెండూ వేర్వేరు శాఖలని తేలుతుంది.

ముందు అమరిక అర్థం చేసుకోవాలి. అన్నిటికంటే చిన్నది కుటుంబం. బంధుత్వం ఉన్న కొన్ని కుటుంబాలు కలిసి తిరిగితే గుంపు. చాలా గుంపులు కలిస్తే శాఖ. పిల్లల పుస్తకాల్లో బ్యాండ్ అని కనిపించేది ఎక్కువగా ఇదే. శాఖలన్నీ మాట్లాడేది ఒకే భాష, తమను తాము పిలుచుకునేది నుమునూ అనే. ఒక శాఖవాళ్ళు ఇంకో శాఖలో పెళ్ళి చేసుకునేవారు, నచ్చకపోతే గుంపు మారిపోయేవారు కూడా. అన్ని శాఖల మీదా పెత్తనం చేసే సభగానీ మనిషిగానీ లేడు.

నాయకుణ్ణి పరైబో అంటారు. మన ఊళ్ళలో పెద్దమనిషి మాటకు విలువ ఎలా వస్తుందో ఇదీ అలాగే: వయసు, మంచితనం, ఇచ్చే చెయ్యి చూసి జనం వింటారు, వినకపోతే బలవంతం చేయడానికి చేతిలో ఏమీ ఉండదు. దాడి నాయకత్వం వేరు. పేరున్న యోధుడెవరైనా ‘నేను వెళ్తున్నా, ఎవరొస్తారు’ అనొచ్చు. వచ్చినవాళ్ళ మీద ఆ ప్రయాణం ముగిసేదాకానే అతని మాట చెల్లుతుంది. సభలో పొగాకు గొట్టం తిప్పుతూ అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుకుంటారు. ఒప్పుకోనివాళ్ళు లేచి తమ గుడారాలు ఎత్తుకుని వెళ్ళిపోవచ్చు. సంతకం పెట్టినవాడి మాట సంతకం పెట్టనివాణ్ణి కట్టేయలేదు. ఈ ఒక్క సంగతి తలకెక్కితే మిగతా చరిత్ర దానంతటదే విడిపోతుంది.

ఇక పటం. బోర్డు మీద మొదట గీయాల్సింది నదులు. రాష్ట్రాల గీతలు ఆ తర్వాత, పెన్సిల్‌తో పల్చగా. ఉత్తరం నుంచి కిందికి ఆర్కన్సా, కెనేడియన్, రెడ్, బ్రాజోస్, కొలరాడో. ఇక్కడ రెండు పొరపాట్లు తప్పకుండా జరుగుతాయి. ఈ కొలరాడో ఆస్టిన్ మీదుగా పారే టెక్సాస్ నది. గ్రాండ్ కాన్యన్‌ను తొలిచిన కొలరాడో వేరే. కెనేడియన్ నదికీ కెనడాకూ సంబంధం లేదు, అది టెక్సాస్ ఉత్తరపు కొస మీదుగా ఓక్లహోమాలోకి పోతుంది. నదులు గీశాక 1850 ప్రాంతపు శాఖలను వాటి మీద పెట్టుకుంటూ రావాలి. అన్నిటికన్నా పైన, ఆర్కన్సా వైపు యాంపరీకాలు. కెనేడియన్ లోయలో కొట్సోటెకాలు. రెడ్ నది పరిసరాల్లో నోకోనీలు. పడమట లానో ఎస్టకాడో అనే బల్లపరుపు పీఠభూమి మీద, దాని అంచున ఉన్న లోయల్లో క్వాహాడీలు. దక్షిణాన ఎడ్వర్డ్స్ పీఠభూమి, బ్రాజోస్, కొలరాడో ఎగువ భాగాల్లో పెనటెకాలు. టెనావా లాంటి చిన్న శాఖలు ఇంకా ఉన్నాయిగానీ నాలుగో తరగతికి ఈ అయిదూ చాలు.

శాఖల మధ్య నల్లటి సరిహద్దు గీతలు గీయనివ్వకండి. వీళ్ళు గడ్డి, నీళ్ళు, బైసన్ మందల వెంట కదిలేవాళ్ళు. కలర్ పెన్సిల్‌తో రంగు అంచుల్లో పల్చబడేలా, పక్క రంగులోకి కొంచెం చొరబడేలా వేయడమే నిజానికి దగ్గర. పటం మూల ఏడాది తప్పకుండా రాయాలి. 1786లో స్పానిష్‌వాళ్ళ లెక్కలో ఉన్నవి మూడే శాఖలు: హూపే, యాంపరీకా, కొట్సోటెకా. పెనటెకా, క్వాహాడీ పేర్లు తర్వాతి కాలానివి. ఏడాది లేని పటంలో ఈ రెండు కాలాలూ కలగాపులగం అయిపోతాయి.

ఇంకో మాట, డాలస్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళకు. ‘మా ఫ్రిస్కో ఒకప్పుడు కమాంచీల ఊరు’ అని పిల్లలు హుషారుగా రాసేస్తుంటారు. ఆ తూర్పు వైపు కాడో, విచిటా వర్గాల తెగలవారి ఊళ్ళు, పొలాలు ఉండేవి. కమాంచీల అసలు తావు దానికి పడమరగా ఉండేది. ఆస్టిన్, శాన్ ఆంటోనియో పెనటెకాల అంచు. లబ్బక్, అమరిల్లో మాత్రం నికరంగా క్వాహాడీల నేల.

నాయకుల దగ్గరికి వద్దాం. వీళ్ళందరినీ ఒకే వరుసలో, వంశవృక్షంలాగా పేర్చకండి. ఒకరి తర్వాత ఒకరు గద్దెనెక్కినవాళ్ళు కాదు.

పద్దెనిమిదో శతాబ్దం నుంచి ఇద్దరు చాలు. కుయెర్నో వెర్దె అని స్పానిష్‌వాళ్ళు పిలిచిన యోధుడు 1779 సెప్టెంబరు 3న ఇప్పటి కొలరాడో రాష్ట్రంలో న్యూ మెక్సికో గవర్నరు హువాన్ బాతిస్తా దె ఆన్సా సేనల చేతిలో చనిపోయాడు. ఆన్సా తెలివైనవాడు. ఒక గుంపుతో సంధి చేసుకుంటే మిగతావాళ్ళు ఒప్పుకోరని గ్రహించి, అందరి తరఫునా ఒకరిని పంపితేనే మాట్లాడతానన్నాడు. కొట్సోటెకా నాయకుడు ఎక్వెరాకాపా అలా ముందుకొచ్చాడు, 1786లో సంధి కుదిరింది. అప్పుడు కూడా ఏకాభిప్రాయం ఉచితంగా రాలేదు: సంధిని గట్టిగా వ్యతిరేకించిన టోరో బ్లాంకో అనే నాయకుణ్ణి సంధి కోరినవాళ్ళే చంపేశారు. న్యూ మెక్సికో వైపు ఆ శాంతి చాలాకాలం నిలిచింది. టెక్సాస్ వైపు కథ వేరుగా నడిచింది.

1840 దగ్గర మాత్రం నింపాదిగా ఆగాలి. మార్చి 19న పెనటెకా నాయకుడు ముగ్వారా ఆడవాళ్ళు, పిల్లలతో కలిపి 65 మంది దాకా ఉన్న బృందాన్ని వెంటబెట్టుకుని శాన్ ఆంటోనియో కౌన్సిల్ హౌస్‌కు మాటలకొచ్చాడు. తమ బందీలందరినీ తెచ్చి అప్పగించాలన్నది టెక్సాస్ షరతు. వాళ్ళు తెచ్చింది మటిల్డా లాక్‌హార్ట్ అనే అమ్మాయిని, కొందరు మెక్సికన్ పిల్లలను. మిగతావాళ్ళు వేరే గుంపుల దగ్గర ఉన్నారని, వాళ్ళ మీద తనకు అధికారం లేదని ముగ్వారా చెప్పాడు. శాఖల అమరిక తెలిసినవాళ్ళకు అది మామూలు మాట. టెక్సాస్ అధికారులకు అది బొంకులా వినిపించింది. మటిల్డా ఒంటి మీది గాయాలు చూసి అప్పటికే మండిపోతున్నారు. గదిలోకి సైనికులను రప్పించి, బందీలు వచ్చేదాకా మీరే మా బందీలు అన్నారు. కత్తులు, తుపాకులు లేచాయి. 35 మంది కమాంచీలు చనిపోయారు. వాళ్ళలో ఆడవాళ్ళు, పిల్లలు కలిపి అయిదుగురు. టెక్సాస్ వైపు ఏడుగురు.

మాట్లాడుకోవడానికి పిలిచి చంపారన్న కోపంతో బఫెలో హంప్ అనే పెనటెకా యోధుడు ఆగస్టులో వందల మందిని కూడగట్టి సముద్ర తీరం దాకా వెళ్ళాడు. 6న విక్టోరియా, 8న లిన్‌విల్ రేవు. ఊరివాళ్ళు పడవలెక్కి నీళ్ళలోంచి చూస్తుండగా లిన్‌విల్ తగలబడింది. దోచుకున్న సరుకు బరువుతో తిరుగు ప్రయాణం నెమ్మదించి, 12న ప్లమ్ క్రీక్ దగ్గర దెబ్బతిన్నారు. ఆ యుద్ధం జరిగింది ఇప్పటి లాక్‌హార్ట్ ఊరి దగ్గర కాబట్టి ఊరి పేరు మటిల్డాది అనుకుంటారు పిల్లలు. కాదు, బర్డ్ లాక్‌హార్ట్ అనే సర్వేయరుది.

ఈ ఘట్టాన్ని తొమ్మిదేళ్ళ పిల్లకు, పదమూడేళ్ళ పిల్లకు ఒకేలా చెప్పకూడదు. చిన్నవాళ్ళకు ఇంత చాలు: రెండు వైపులా మనుషులను పట్టుకుపోయారు, మాటలకు పిలిచిన చోట పోట్లాట జరిగింది, చాలామంది చనిపోయారు. గాయాల వర్ణన అక్కర్లేదు. పెద్దపిల్లలకు మాత్రం దాచకండి. కమాంచీలు మెక్సికో లోపలి దాకా వెళ్ళి దాడులు చేశారు, మనుషులను ఎత్తుకొచ్చారు, కొందరిని అమ్మారు, కొందరిని పనికి పెట్టుకున్నారు, కొందరిని సొంత బిడ్డలుగా పెంచుకున్నారు. మనమూ వలసపాలనలో నలిగినవాళ్ళమే కాబట్టి వాళ్ళంతా అమాయకులని, మచ్చలేని వీరులని చెప్పాలనిపిస్తుంది. అలా చెబితే ఏడో తరగతి పుస్తకం తెరిచిన రోజున పిల్లవాడు మన మాటను పక్కన పెట్టేస్తాడు. ఆ మైదానాల్లో వందేళ్ళకు పైగా అందరూ లెక్కలోకి తీసుకోవాల్సి వచ్చిన శక్తి వాళ్ళు. శక్తి ఉన్నవాళ్ళు చేసే పనులన్నీ చేశారు.

1847 ఒప్పందాన్ని చాలా బోర్డులు వదిలేస్తాయి. వదలకూడనిది అదే. జర్మన్ వలసదారుల తరఫున జాన్ మాయ్‌సెబాక్ అనే ఆయన మార్చి నెలలో సాన్ సబా నది దగ్గర పెనటెకా నాయకులు బఫెలో హంప్, శాంటా ఆనా, ఓల్డ్ అవుల్‌లతో కూర్చున్నాడు. 3,000 డాలర్ల విలువైన కానుకలు ఇచ్చేలా, జర్మన్లు లానో నది ప్రాంతంలో భూమి కొలుచుకుని స్థిరపడేలా, కమాంచీలు ఫ్రెడరిక్స్‌బర్గ్‌లోకి భయం లేకుండా వచ్చిపోయేలా మాట కుదిరింది. మే 9న ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో సంతకాలయ్యాయి. మాట నిలిచిన ఒప్పందంగా దానికి పేరుంది. కారణం పెద్ద రహస్యమేమీ కాదు: ఆ నేల మీద నిజంగా తిరిగే శాఖతో, ఆ శాఖ వినే మనుషులతో, ఆ నేల వరకే చేసుకున్నారు. యాంపరీకాల తరఫునో క్వాహాడీల తరఫునో ఎవరూ హామీ ఇవ్వలేదు.

ఈ శాంటా ఆనా 1836లో శాన్ ఆంటోనియోలోని అలమో కోట మీదికొచ్చిన మెక్సికన్ జనరల్ కాదని బోర్డు మీద ఒక వాక్యం రాయించండి. ఆ వాక్యం లేకపోతే టీచరు ఎర్ర పెన్ను అక్కడే ఆగుతుంది. 1849 కలరాలో ఇతనూ, ఓల్డ్ అవుల్ కూడా పోయారు. బంగారం కోసం పడమటికి పోయేవాళ్ళ బాటల వెంబడి వచ్చిన ఆ జబ్బు పెనటెకాలను తుపాకులకన్నా ఎక్కువగా దెబ్బతీసింది.

మెడిసిన్ లాడ్జ్ ఒప్పందం 1867 అక్టోబరు 21న కాన్సస్‌లో జరిగింది. యాంపరీకాల పెద్ద టెన్ బేర్స్, నోకోనీల నాయకుడు హార్స్‌బ్యాక్ లాంటివాళ్ళు గుర్తులు వేశారు. ఇప్పటి ఓక్లహోమా నైరుతి మూలన సుమారు 30 లక్షల ఎకరాలు కయోవాలకు, కమాంచీలకు, ప్లెయిన్స్ అపాచీలకు రిజర్వేషన్‌గా, అంటే వాళ్ళకు విడిగా కేటాయించిన నేలగా ఉంటుందన్నారు. టెన్ బేర్స్ అక్కడ మాట్లాడిన మాటలు అనువాదంలో నిలిచాయి. గాలికి అడ్డంలేని, గోడలు లేని మైదానంలో పుట్టానని, అక్కడే చావాలనుకుంటున్నానని చెప్పిన ఆ ప్రసంగాన్ని పిల్లలతో గట్టిగా చదివించవచ్చు. రెండు నిమిషాల స్పీచ్‌కు బాగా నప్పుతుంది. ఆ కాగితం మీద క్వాహాడీల గుర్తు లేదు. తర్వాతి ఏడేళ్ళు వాళ్ళు పీఠభూమి మీదే ఉండిపోతే, ‘కమాంచీలు మాట తప్పారు’ అని సైన్యం కదిలింది. ఏ శాఖ అన్న ప్రశ్న మళ్ళీ ఎవరూ వేయలేదు.

అమెరికా సైన్యానికి చెందిన కర్నల్ మెకెంజీ 1872 సెప్టెంబరులో కొట్సోటెకా నాయకుడు మౌవే శిబిరం మీద పడి వందమందికి పైగా ఆడవాళ్ళను, పిల్లలను పట్టుకెళ్ళి చలికాలమంతా ఫోర్ట్ కాంచోలో ఉంచాడు. 1874 జూన్ 27న ఐసాటై అనే క్వాహాడీ ప్రవక్త మాట నమ్మి యోధులు అడోబీ వాల్స్‌లోని బైసన్ వేటగాళ్ళ మీదికి వెళ్ళారు. తూటాలు తగలవన్నాడు, తగిలాయి. అదే ఏడు సెప్టెంబరు 28న పాలో డ్యూరో లోయలోని శిబిరాల మీద మెకెంజీ పడ్డాడు; నాలుగో తరగతిలో వచ్చే రెడ్ రివర్ యుద్ధంలోదే ఇది. ఇక్కడ పిల్లలు ‘ఎంతమంది చచ్చిపోయారు’ అని వెతికి, కొద్దిమందే అని చూసి, చిన్న యుద్ధం అనేసుకుంటారు. మెకెంజీ తగలబెట్టింది గుడారాలను, చలికాలానికి ఎండబెట్టి దాచుకున్న మాంసాన్ని. పట్టుకున్న 1,400 పైచిలుకు గుర్రాల్లో వెయ్యికి పైగా కాల్పించేశాడు. గుర్రం లేకపోతే వేట లేదు, గుడారం మోసేది లేదు, చలికాలం దాటే దారి లేదు. 1875 జూన్ 2న సుమారు 400 మంది క్వాహాడీలు ఓక్లహోమాలోని ఫోర్ట్ సిల్ సైనిక కోటలో లొంగిపోయారు. వాళ్ళలో క్వానా ఒకడు.

క్వానా గురించి పిల్లలకు ముందే తెలుసు, కాబట్టి తెలియనిది చెప్పాలి. తల్లి సింథియా ఆన్ పార్కర్‌ను 1836 మే 19న ఇప్పటి గ్రోస్‌బెక్ దగ్గరి ఫోర్ట్ పార్కర్ నుంచి సుమారు తొమ్మిదేళ్ళ వయసులో ఎత్తుకుపోయారు. ఆమె కమాంచీగానే పెరిగి, పీటా నోకోనా అనే యోధుణ్ణి పెళ్ళాడింది. 1860 డిసెంబరులో టెక్సాస్ రేంజర్లు అనే సాయుధ దళంవాళ్ళు పీస్ నది దగ్గర ఆమెను, చంటిబిడ్డను పట్టి పార్కర్ కుటుంబానికి అప్పగించారు. పుస్తకాలు దీన్ని ‘రక్షించడం’ అంటాయి. ఆమె మాత్రం పారిపోయి కొడుకుల దగ్గరికి చేరాలని చూస్తూనే ఉంది. కూతురు చిన్నప్పుడే పోయింది, తర్వాత కొన్నేళ్ళకు ఆమె కూడా. మన పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు ‘రెండు సంస్కృతుల్లోని మంచినీ తీసుకోవాలి’ లాంటి ముగింపు అతికించకండి. ఆమెను రెండుసార్లు అడగకుండానే ఎత్తుకెళ్ళారు. వీసా తీసుకుని విమానమెక్కి వచ్చిన మన కథతో దీనికి పోలిక లేదు.

పోలిక ఉన్న చోటు వేరే ఉంది: లొంగిపోయాక క్వానా బతికిన 36 ఏళ్ళు. గడ్డి మైదానాలను టెక్సాస్ పశువుల యజమానులకు కౌలుకిచ్చి డబ్బు రాబట్టాడు, రిజర్వేషన్ కోర్టులో జడ్జిగా కూర్చున్నాడు, జడలు కత్తిరించుకోలేదు, ఒక్క భార్యతోనే ఉండమంటే ఒప్పుకోలేదు. పిల్లల్లో కొందరిని పెన్సిల్వేనియాలో ఆదివాసీ పిల్లల కోసం పెట్టిన కార్లైల్ బోర్డింగ్ బడికి పంపాడు, ఓక్లహోమాలోని కాష్ ఊళ్ళో బడి బోర్డుకు అధ్యక్షుడయ్యాడు. ఏది వదలాలి, ఏది వదలకూడదు అన్న బేరం ఆయన రోజూ ఆడాడు. అందరూ మెచ్చలేదు, ప్రభుత్వానికి మరీ దగ్గరయ్యాడన్న కమాంచీలూ ఉన్నారు. ‘కమాంచీల చివరి చీఫ్’ అని బోర్డు మీద రాయకండి. ‘రిజర్వేషన్ కాలంలో అమెరికా ప్రభుత్వం ముఖ్య నాయకుడిగా గుర్తించిన క్వాహాడీ’ అని రాయాలి. పొడుగే, కానీ సరైనది. అంతమందికి ఒకే చీఫ్ అన్న ఏర్పాటే ప్రభుత్వానికి వీలుగా పుట్టింది. చివరికి ఆ భూమి కూడా నిలవలేదు: 1892 జెరోమ్ ఒప్పందంతో తలకు 160 ఎకరాలు పంచి, మిగిలినదాన్ని 1901లో లాటరీ వేసి బయటివాళ్ళకు ఇచ్చేశారు.

భాష సంగతి పిల్లలకు బాగా ఎక్కుతుంది. బోర్డింగ్ బడుల్లో కమాంచీ మాట్లాడితే శిక్షించేవారు. అదే భాషతో రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం రహస్య సందేశాలు పంపించుకుంది. 17 మందికి శిక్షణ ఇచ్చారు; నాలుగో పదాతి దళంతో 1944 జూన్ 6న ఫ్రాన్స్‌లోని యూటా తీరంలో దిగిన కమాంచీలు వైర్లు వేసుకుంటూ తమ భాషలోనే కబుర్లు పంపారు. ట్యాంకును తాబేలు అన్నారు, బాంబర్‌ను కడుపుతో ఉన్న విమానం అన్నారు. తెలుగులో అలాంటి పది సంకేతాలు తయారుచేయమనండి, అన్నాచెల్లెళ్ళు గంటసేపు కదలరు.

వరసలు కూడా మన పిల్లలకు ఇట్టే పట్టుబడతాయి, ఇంగ్లీషు మాత్రమే వచ్చిన పిల్లలకు కొంచెం కష్టం. కమాంచీలో అమ్మమ్మ కకు, నాయనమ్మ హూత్సి, అమ్మ వాళ్ళ నాన్న టొకో, నాన్న వాళ్ళ నాన్న కును, మేనమామ అరా. అమ్మమ్మ కూడా కూతురి బిడ్డను తిరిగి కకు అనే పిలుస్తుంది. అమ్మమ్మతో వీడియో కాల్‌లో శాఖల పటం తెలుగులో వివరించమని చెప్పండి. పెనటెకాలెవరో, క్వాహాడీలెవరో తడుముకోకుండా చెప్పగలిగితే బడిలో ప్రెజెంటేషన్‌కు వేరే రిహార్సల్ అక్కర్లేదు.

మోడల్ చేయాలంటే టిపీ అనే శంకువు ఆకారపు గుడారమే సులువు, దాన్లోనూ ఒక కిటుకుంది. షాయన్‌లు, కయోవాలు మూడు కర్రలను ఆధారంగా కడతారు, కమాంచీలు నాలుగు. పన్నెండు అంగుళాల కబాబ్ పుల్లలు ఒక డజను తీసుకుని మొనలు కత్తిరించండి. నాలుగింటిని కలిపి కింది నుంచి 9 అంగుళాల దగ్గర దారంతో కట్టి, అట్ట మీద ఎనిమిదిన్నర అంగుళాల వ్యాసమున్న వృత్తం గీసి, ఆ గీత మీద నాలుగు కాళ్ళనూ విప్పి నిలబెట్టండి. మిగతా పుల్లలను పైన ఏర్పడిన పుల్లల సందుల్లో ఆనించాలి. వెనక వైపు, అంటే పడమట, ఒక పుల్ల పట్టే చోటు విడిచి, ఆ పుల్లను ఆపి పక్కన పెట్టండి. కిరాణా కాగితం సంచిని తడిపి, నలిపి, ఆరబెట్టి, 9 అంగుళాల వ్యాసార్ధంతో అర్ధవృత్తం కత్తిరించండి. పిల్లలు పూర్తి వృత్తం కత్తిరించి చుట్టబోతారు, అక్కడే పాడవుతుంది. అర్ధవృత్తమైతే చుట్టూ తిరిగొచ్చి ముందు ఒకటిన్నర అంగుళం మీదికి పడుతుంది. ఆ అతుకును చీపురు పుల్లల ముక్కలతో గుచ్చేయాలి. ఆపేసిన పుల్లకు కవరు కొస కట్టి పైకెత్తితే నిజం గుడారం ఎత్తే పద్ధతే. తలుపు తూర్పుకు పెట్టి, అట్ట మీద దిక్కు రాయండి. పిల్లవాడికి ఈకలు పెట్టి వేషం వేసి పంపడం మాత్రం వద్దు. అవి గౌరవంగా సంపాదించుకునేవి.

రాసే వాక్యాల్లో కాలం కూడా సరిచూడండి. ‘కమాంచీలు ఉండేవారు, తినేవారు’ అంటూ మొదలై అలాగే ముగిసిపోతాయి. కమాంచీ నేషన్‌లో ఇప్పుడు సుమారు 17,000 మంది సభ్యులున్నారు, పాలన కేంద్రం ఓక్లహోమాలోని లాటన్. పిల్లల క్లాసులోనే ఒకరు ఉండొచ్చు. ‘నువ్వూ ఇండియనే కదా, ఏ తెగ’ అని ఎవరైనా అడిగితే కంగారుపడక్కర్లేదు: ‘మాది ఇండియా దేశం, మేం తెలుగువాళ్ళం; పాఠంలో ఉన్నది కమాంచీలు’ అంటే సరిపోతుంది. బోర్డు మీద కూడా ఇండియన్ అన్న మాట వచ్చిన ప్రతిచోటా తెగ పేరు పెట్టేస్తే సగం గందరగోళం పోతుంది.

చూసి రావాలనుకుంటే డాలస్ నుంచి లాటన్ కారులో దాదాపు మూడు గంటలు. అక్కడి కమాంచీ నేషనల్ మ్యూజియం చిన్నదే, టికెట్టు లేదు, ముందు అక్కడికే వెళ్ళండి. వేళలు ఫోన్ చేసి కనుక్కోండి. అరగంట దూరంలో విచిటా పర్వతాల వన్యప్రాణి ఆశ్రయంలో బైసన్‌లు తిరుగుతుంటాయి. 1907లో న్యూయార్క్ జూ నుంచి రైల్లో వచ్చిన 15 బైసన్‌ల సంతానం అది, అవి కాష్ స్టేషన్లో దిగినప్పుడు చూడ్డానికొచ్చినవాళ్ళలో క్వానా ఉన్నాడు. కారు దిగి ఫొటో కోసం దగ్గరికి పోకండి. మెత్తగా కనిపించే ఆ జంతువు గుర్రంతో సమానంగా పరుగెత్తుతుంది.

క్వానా, ఆయన తల్లి సమాధులు ఫోర్ట్ సిల్ సైనిక స్థావరం లోపల ఉన్నాయి, 1957లో అక్కడికి మార్చారు. ఊరికే లోపలికి పోనివ్వరు. గేటు బయటి విజిటర్ సెంటర్లో గుర్తింపు కార్డు చూపించి, తనిఖీ అయ్యాక పాస్ తీసుకోవాలి. అమెరికా పౌరసత్వం లేనివాళ్ళకు నియమాలు వేరుగా ఉంటాయి కాబట్టి హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు, ఇండియా నుంచి వచ్చిన తాతయ్య, నాయనమ్మలను వెంటబెట్టుకెళ్ళేవాళ్ళు బయల్దేరే ముందే ఫోన్ చేసి అడగండి. కాష్‌లో ఆయన కట్టించుకున్న స్టార్ హౌస్ ప్రైవేటు స్థలంలో, శిథిలావస్థలో ఉంది. యజమానుల అనుమతి లేకుండా లోపలికి అడుగుపెట్టకూడదు.

శాన్ ఆంటోనియో, ఆస్టిన్ వైపువాళ్ళకు ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర. మార్క్ట్‌ప్లాట్స్ పార్కులో 1847 ఒప్పందం గుర్తుగా కంచు శిల్పం ఉంది, పిల్లవాడి ఫొటోకు అది ఈకల బొమ్మకన్నా వెయ్యిరెట్లు నయం.

శరదృతువులో లాటన్‌లో జరిగే కమాంచీ నేషన్ ఫెయిర్‌కు బయటివాళ్ళు కూడా వెళ్ళొచ్చు. మడత కుర్చీలు తీసుకెళ్ళండి, కానీ అరీనా చుట్టూ దుప్పట్లు పరిచి ఉన్న మొదటి వరస జోలికి పోకండి, అవి నాట్యం చేసే కుటుంబాల చోట్లు. జెండా పాట వచ్చినప్పుడు లేచి నిలబడి టోపీ తీయాలి. ఫొటోలు తీయొద్దని మైకులో చెబితే ఫోను జేబులో పెట్టేయాలి. ఒంటి మీద ఉన్నదాన్ని కాస్ట్యూమ్ అనొద్దని, ఈకలు, పూసలు ముట్టుకోవద్దని పిల్లలకు కారులోనే చెప్పండి. ఈక ఏదైనా కింద పడితే తీసివ్వబోకండి, దానికి వేరే పద్ధతుంది, అరీనావాళ్ళు చూసుకుంటారు. అరీనా మధ్యలో దుప్పటి పరిచి డ్యాన్స్ మొదలైతే వెళ్ళి అందులో డబ్బులు వేయొచ్చు. ఒక డాలర్ నోట్లు కొన్ని చిల్లరగా ఉంచుకుని పిల్లల చేతికివ్వండి.